ఒకే మాత్రలో మూడు మందులు: అమ్మకు ఇలా మార్చడం మంచిదేనా?

శ్రీధర్_కరీంనగర్
మా అమ్మ వయస్సు 68. బీపీకి టెల్మిసార్టన్ 40, ఆమ్లోడిపిన్ 5, క్లోర్‌థాలిడోన్ 12.5, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ 500, గ్లిమెపిరైడ్ 1 చాలా కాలంగా విడివిడి మాత్రలుగా వాడుతోంది. ఇటీవల కొత్త వైద్యుడు బీపీ మందులు మూడింటినీ ఒకే మాత్రగానూ, షుగర్ మందులు రెండింటినీ మరొక మాత్రగానూ మార్చి రాశారు. మోతాదుల్లో తేడా ఏమీ లేదు. అయిదు మాత్రల స్థానంలో రెండే వచ్చాయని అమ్మ సంతోషపడింది. కానీ మా అన్నయ్య మాత్రం ఇలాంటి మిశ్రమ మందులనే ప్రభుత్వం వందల సంఖ్యలో నిషేధించిందని, మళ్ళీ పాత పద్ధతికే వెళ్ళమని పట్టుబడుతున్నాడు. మాత్ర మారినప్పటి నుంచి ఆమెకు కొంత నీరసంగా కూడా ఉంటోంది. ఒకే మాత్రలో అన్నీ కలపడం వల్ల నిజంగా మేలు ఉందా, లేక అది కంపెనీల సౌకర్యం కోసమేనా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

వేణు_తెనాలి_మెడికల్స్
నేను మందుల షాపు నడుపుతున్నాను. నిషేధించిన జాబితాలో ఉన్నవీ, మీ అమ్మగారికి రాసినవీ ఒకటి కావు. బీపీకి మిశ్రమ మాత్రలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే తన అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మా దగ్గరకు వచ్చే పెద్దవాళ్ళలో అయిదు రకాల మాత్రలు వాడేవారు నెలాఖరుకు అన్నీ ఒకేసారి అయిపోయాయని రావడం అరుదు. ఒక రకం అయిపోతుంది, మరొకటి సగం షీటు మిగిలి ఉంటుంది. అంటే మధ్యలో కొన్ని పూటలు వేసుకోలేదన్నమాటే కదా. మిశ్రమ మాత్ర ఇచ్చిన తర్వాత ఆ సమస్య బాగా తగ్గడం నేను చూస్తున్నాను.

రమ_కర్నూలు
వేణు గారి మాటను బీపీ విషయంలో ఒప్పుకుంటాను కానీ షుగర్ విషయంలో ఒప్పుకోలేను. మా నాన్నగారు ఏకాదశి ఉపవాసం తప్పకుండా ఉంటారు. మందులు విడిగా ఉన్నప్పుడు ఆ రోజు గ్లిమెపిరైడ్ ఆపి మెట్‌ఫార్మిన్ మాత్రం వేసుకోమని వైద్యురాలు చెప్పారు, అలాగే చేసేవారు. మిశ్రమ మాత్ర వచ్చాక ఆ వెసులుబాటు పోయింది. ఒక ఏకాదశి మధ్యాహ్నం చెమటలు పట్టి, మాట తడబడి, గ్లూకోజు నీళ్ళు తాగించాక కానీ తేరుకోలేదు. గ్లిమెపిరైడ్ తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ అంతగా పడిపోదు. ఈ రెంటినీ ముడివేసి ఒకే మాత్రలో పెట్టినప్పుడు, భోజనం మానిన రోజున ఏం చేయాలో చీటీ మీద రాసేవారు ఎంతమంది?

సలీమ్_గుంటూరు
రమ గారు చెప్పింది రంజాన్ నెలలో మాకూ అనుభవమే. మా వైద్యుడు ఆ నెలకు ముందే పిలిచి, మిశ్రమ మాత్రను విడదీసి, గ్లిమెపిరైడ్‌ను ఇఫ్తార్ వేళకు మార్చి రాస్తారు.

ఫార్మకాలజీ_బోధకుడు
ఇక్కడ కొంత విడమరచి చెప్పడం అవసరం అనిపిస్తోంది. మందులను కలపడం దానంతట అది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. ఎందుకు కలిపారన్నదే అసలు ప్రశ్న.

కొన్ని మిశ్రమాల్లో ఒక మందు లేకపోతే రెండో మందు సరిగా పనిచేయదు. పార్కిన్సన్స్ వ్యాధికి ఇచ్చే లెవోడోపాతో కార్బిడోపాను కలపకపోతే, లెవోడోపాలో చాలా భాగం మెదడును చేరకముందే విరిగిపోయి వాంతులు తెప్పిస్తుంది. అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్‌ను కొన్ని బాక్టీరియాలు తమ ఎంజైముతో ధ్వంసం చేస్తాయి, క్లావులానిక్ ఆమ్లం ఆ ఎంజైమును అడ్డుకుంటుంది. కోట్రైమాక్సజోల్ అనే మరో యాంటీబయాటిక్‌లోని రెండు మందులూ బాక్టీరియా ఫోలేట్ అనే విటమిన్‌ను తయారుచేసుకునే దారిలో వరుసగా రెండు మెట్లను మూసివేస్తాయి.

కొన్నింటిలో ఒక మందు చేసే కీడును మరొకటి తగ్గిస్తుంది. ఆమ్లోడిపిన్ ఒక్కటే వాడితే కొందరికి పాదాలు వాస్తాయి, టెల్మిసార్టన్ తోడైతే ఆ వాపు తగ్గుతుంది. పైగా బీపీలో ఒకే మందు మోతాదును రెట్టింపు చేయడం కన్నా, రెండు మూడు మందులను తక్కువ మోతాదులో కలిపి ఇస్తే ఎక్కువ ఫలితం ఉంటుంది. శ్రీలంకలో 700 మందిపై జరిగి 2018లో వెలువడిన ట్రయంఫ్ అధ్యయనంలో టెల్మిసార్టన్ 20, ఆమ్లోడిపిన్ 2.5, క్లోర్‌థాలిడోన్ 12.5 కలిపిన మాత్రను ఇచ్చారు. ఆరు నెలలకు ఆ మాత్ర వాడినవారిలో 70 శాతం మందికి బీపీ అదుపులోకి రాగా, మామూలు చికిత్స పొందినవారిలో అది 55 శాతమే.

కాబట్టి శ్రీధర్ గారి అమ్మగారికి రాసిన బీపీ మాత్రకు శాస్త్రీయ ఆధారం గట్టిగానే ఉంది. షుగర్ మాత్ర విషయంలో రమ గారి ఆందోళనకు కూడా ఆధారం ఉంది. రెండు మందుల్లో ఒకదాన్ని పూటకు తగినట్టు మార్చాల్సి వస్తుందని ముందే తెలిసినప్పుడు వాటిని విడిగా ఉంచడమే మేలు.

ఉదయిని
మా అత్తగారికి ఆమ్లోడిపిన్ ఒక్కటే వాడుతున్నప్పుడు చెప్పులు పట్టనంతగా కాళ్ళు వాచేవి. టెల్మిసార్టన్ కలిపిన మాత్రకు మార్చాక బాగా తగ్గాయి. బోధకుడు గారు చెప్పేదాకా దానికి కారణం మాకు తెలియదు.

నర్స్_భారతి
శ్రీధర్ గారూ, నీరసం గురించి మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు కానీ నా దృష్టి అక్కడే ఆగింది. మోతాదులు మారకపోతే కొత్తగా నీరసం ఎందుకు రావాలి? మీ అమ్మగారు ఇంతకుముందు అయిదు మాత్రలనూ నిజంగా ప్రతిరోజూ వేసుకునేవారా? క్లోర్‌థాలిడోన్ మూత్రం ఎక్కువగా పోయించే మందు. పెళ్ళికో, ప్రయాణానికో, గుడికో వెళ్ళాల్సిన రోజు ఆడవాళ్ళు ఆ ఒక్క మాత్రను పక్కన పెట్టడం మా వార్డులో తరచూ వినే మాటే. కొందరు పూర్తిగా మానేసి ఎవరికీ చెప్పరు. అలాంటివారికి మిశ్రమ మాత్ర ఇస్తే, కాగితం మీద మోతాదు అదే అయినా ఒంటికి మాత్రం కొత్త మందు మొదలైనట్టే. పెద్ద వయసు స్త్రీలలో ఈ మందు వల్ల రక్తంలో సోడియం తగ్గి నీరసం, తూలడం, మతిమరుపు రావచ్చు. సోడియం, పొటాషియం, క్రియాటినిన్ పరీక్షలు చేయించమని వైద్యుడిని అడగండి. అమ్మగారిని కూడా కోప్పడకుండా, నిదానంగా అడిగి చూడండి.

శ్రీధర్_కరీంనగర్
భారతి గారూ, ఈ కోణం మాకు తట్టలేదు. సాయంత్రం అమ్మను అడిగి రాస్తాను.

వేణు_తెనాలి_మెడికల్స్
భారతి గారు చెప్పిన మాటకు ఇంకొకటి చేరుస్తాను. మాత్రను విరిచి సగం వేసుకునే అలవాటు చాలామందికి ఉంది. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిపిన మాత్రలు చాలావరకు మెట్‌ఫార్మిన్ నెమ్మదిగా విడుదలయ్యే రకం. వాటిని విరిస్తే గంటల పాటు కొద్దికొద్దిగా విడుదల కావలసిన మందు ఒక్కసారిగా విడుదల కావచ్చు. షుగర్ కొంచెం తగ్గింది కదా అని సగం చేసి వేసుకోవడం పనికిరాదు.

ఫార్మకాలజీ_బోధకుడు
మాత్రలో ఏ మందు ఎంత ఉండాలో మనం మార్చుకోలేకపోవడం వల్ల వచ్చే చిక్కు అదే. ఇంకొక ఉదాహరణ చెబుతాను. అమాక్సిసిలిన్, క్లావులానిక్ ఆమ్లం కలిపిన 625 మాత్రలో మొదటిది 500, రెండోది 125 మిల్లీగ్రాములు ఉంటాయి. 375 మాత్రలో మొదటిది 250 అయినా రెండోది 125గానే ఉంటుంది. 625 దొరకలేదని 375 మాత్రలు రెండు వేసుకుంటే అమాక్సిసిలిన్ సరిపోతుంది కానీ క్లావులానిక్ ఆమ్లం రెట్టింపై విరేచనాలు పట్టుకోవచ్చు. పెట్టె మీది పెద్ద అంకె మొత్తమే తప్ప, లోపల ఏది ఎంత ఉందో చెప్పదు.

క్షయ_విభాగం_ఉద్యోగి
మిశ్రమ మందుల మేలు చూడాలంటే క్షయ చికిత్సను చూడాలి. మన దేశంలో 2017 నుంచి ప్రభుత్వ కార్యక్రమంలో రోజువారీ మిశ్రమ మాత్రలే ఇస్తున్నాం. ఒక్కొక్క మాత్రలో ఐసోనియాజిడ్ 75, రిఫాంపిసిన్ 150, పైరజినమైడ్ 400, ఎథాంబ్యుటాల్ 275 మిల్లీగ్రాములు ఉంటాయి. రోగి బరువును బట్టి రోజుకు ఎన్ని మాత్రలో నిర్ణయిస్తాం. విడిగా ఇచ్చిన రోజుల్లో, కడుపులో తిప్పుతోందని ఒక మందును ఏరి పారేసి మిగతావి మింగేవారు ఉండేవారు. క్షయలో ఒకటి రెండు మందులే వాడితే క్రిమి వాటికి లొంగకుండా తయారవుతుంది, ఆ మొండి క్షయ ఇంట్లో మిగతావారికీ అంటవచ్చు. ఇక్కడ ఒక మందును ఏరి వదిలేయడానికి వీలు లేకపోవడమే రోగికి రక్ష.

అయితే ఇదే మాత్ర కొందరికి కామెర్లు తెస్తుంది. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ కాలేయాన్ని దెబ్బతీయగలవు. అప్పుడు అన్నీ ఆపి, కాలేయం కోలుకున్నాక ఒక్కొక్క మందునే తిరిగి మొదలుపెట్టి ఏది పడటం లేదో కనిపెట్టాలి. అందుకు విడి మందులు చేతిలో ఉండాలి. ఒకసారి అవి అందుబాటులో లేక ఒక యువకుడి చికిత్స ఆలస్యమైంది. ఆ కుటుంబం పడిన ఆరాటం నేను ఇప్పటికీ మరచిపోలేదు. మిశ్రమ మాత్రలతో పాటు విడి మందులను కూడా నిల్వ ఉంచడం ఎవరి దయో కాదు, అది చికిత్సలో భాగం.

ఆశాదీపం_కౌన్సిలర్
పై పోస్టుకు కొనసాగింపుగా హెచ్‌ఐవీ విషయం చెప్పాలి. 2001లో సిప్లా సంస్థ స్టావుడిన్, లామివుడిన్, నెవిరాపిన్ మూడింటినీ ఒకే మాత్రలో తెచ్చింది. ఆ మూడు మందుల పేటెంట్లు వేర్వేరు విదేశీ కంపెనీల చేతుల్లో ఉన్నాయి. 2005 వరకు మన దేశంలో మందు అనే వస్తువుకు పేటెంటు లేకపోవడం వల్లనే ఆ మూడింటినీ ఇక్కడ కలపగలిగారు. రోజుకు ఒక డాలరు లోపు ఖర్చుతో ఆఫ్రికాలో లక్షలాది మందికి చికిత్స అందే దారి అలా తెరుచుకుంది. తర్వాత స్టావుడిన్ వల్ల నరాల మంటలు, ముఖంలో కొవ్వు కరిగిపోవడం వంటి కష్టాలు బయటపడి, ఆ మందును వదిలేసి వేరే మిశ్రమాలకు మారాల్సి వచ్చింది.

ఇప్పుడు ఇస్తున్నది టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 కలిపిన మాత్ర, రోజుకు ఒక్కటి. కానీ అదే వ్యక్తికి క్షయ కూడా ఉండి రిఫాంపిసిన్ వాడుతుంటే, అది డోలుటెగ్రావిర్‌ను ఒంట్లోంచి త్వరగా పోగొడుతుంది. అందువల్ల పన్నెండు గంటల తర్వాత విడిగా మరొక డోలుటెగ్రావిర్ 50 ఇవ్వాలి. ఆ రెండో మాత్ర ఎందుకో వివరించకపోతే, ఒక్కటి చాలన్నారు కదా అని మానేసేవారు ఉన్నారు.

న్యాయవాది_హనుమకొండ
శ్రీధర్ గారి అన్నయ్య ప్రస్తావించిన నిషేధం గురించి ఎవరూ పూర్తిగా చెప్పలేదు. చాలా ఏళ్ళపాటు కొన్ని రాష్ట్రాల లైసెన్సు అధికారులు, కేంద్రం అనుమతి లేకుండానే కొత్త మిశ్రమాల తయారీకి అనుమతులిచ్చారు. 2012లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని తప్పుపట్టింది. మా కాకతీయ విశ్వవిద్యాలయ మాజీ ఉపకులపతి ఆచార్య చంద్రకాంత్ కోకటే అధ్యక్షతన ఏర్పడిన కమిటీ ఆ మిశ్రమాలను పరిశీలించింది. దాని నివేదిక ఆధారంగా 2016 మార్చి 10న కేంద్రం 344 మిశ్రమాలను నిషేధించింది. అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేసింది. సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో విషయాన్ని ఔషధ సాంకేతిక సలహా మండలి పరిశీలనకు పంపింది. ఆ పరిశీలన తర్వాత 2018 సెప్టెంబరులో 328 మిశ్రమాలపై నిషేధం మళ్ళీ వచ్చింది. 2023లో 14, 2024 ఆగస్టులో 156 నిషేధించారు. ఇవన్నీ 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టంలోని 26ఏ సెక్షన్ కింద వచ్చినవే.

నా అభిప్రాయంలో తప్పంతా క్రమంలో ఉంది. ముందు అమ్మకానికి అనుమతిచ్చి, కోట్ల మంది మింగిన తర్వాత, ఇది అవసరమా అని అడగడం న్యాయం కాదు. ఆ ప్రశ్న మొదటి మాత్ర షాపుకు రాకముందే అడగాలి.

డా_సుజన_విశాఖ
న్యాయవాది గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నిషేధానికి చిక్కనివి కూడా ఇంకా ఉన్నాయి. విరేచనాలు అనగానే ఒఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్ర చేతిలో పెట్టడం రెండు రాష్ట్రాల్లోనూ మామూలైపోయింది. బాక్టీరియా వల్లనో అమీబా వల్లనో తేల్చకుండా రెండింటికీ ఒకేసారి గురిపెట్టడం అది. నిజానికి చాలావరకు నీళ్ళ విరేచనాలకు ఓఆర్‌ఎస్ చాలు, పిల్లలకైతే దానితో పాటు జింకు.

శ్రీధర్ గారికి మాత్రం వేరే హెచ్చరిక చేయాలి. మీ అమ్మగారి బీపీ మాత్రలో టెల్మిసార్టన్, క్లోర్‌థాలిడోన్ రెండూ ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులని షాపులో ఎసిక్లోఫినాక్, పారాసిటమాల్ కలిపిన మాత్ర కొని వేసుకుంటే, టెల్మిసార్టన్, క్లోర్‌థాలిడోన్, ఎసిక్లోఫినాక్ మూడూ కలిసి మూత్రపిండాలను ఒకేసారి దెబ్బతీయగలవు. వాంతులు, విరేచనాలు అయిన రోజుల్లో ఆ ప్రమాదం మరింత ఎక్కువ. విడి మందులుగా ఉంటే షాపులోవారికి వెంటనే అనుమానం వస్తుంది. ఒకే బ్రాండు పేరు వెనుక మూడు మందులు దాగి ఉన్నప్పుడు బీపీ మాత్ర ఒకటి వేసుకుంటున్నానని ఆమె చెబుతుంది, వినేవారూ అంతటితో ఊరుకుంటారు. జలుబు మాత్రలదీ అదే తీరు. వాటిలో పారాసిటమాల్ ఉంటుందని తెలియక, జ్వరానికి మళ్ళీ విడిగా పారాసిటమాల్ వేసుకుంటారు. పెద్దవారికి రోజుకు 4 గ్రాములు దాటితే కాలేయానికి ముప్పు. జలుబు మాత్రల్లో ఉండే ఫినైలెఫ్రిన్ బీపీని పెంచవచ్చు కూడా. ఫినైలెఫ్రిన్, క్లోర్‌ఫెనిరమిన్ కలిపిన మందును నాలుగేళ్ళ లోపు పిల్లలకు వాడకూడదని పెట్టె మీద ముద్రించాలని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణాధికారి ఆదేశించారు.

డల్లాస్_ప్రసాద్
సుజన గారు చెప్పిన దాగుడు సమస్య ఇక్కడ అమెరికాలో ఇంకో రూపంలో ఎదురవుతుంది. మా మామగారు విజయవాడ నుంచి వచ్చినప్పుడు గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోజ్ మూడూ కలిపిన మాత్రలు తెచ్చుకున్నారు. ఇక్కడ వోగ్లిబోజ్ అమ్మకంలోనే లేదు. ఆసుపత్రిలో చేరాల్సి వచ్చినప్పుడు బ్రాండు పేరు చెబితే ఎవరికీ అర్థం కాలేదు. షీటు వెనుక చిన్న అక్షరాలను ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి చూపిస్తే కానీ లోపల ఏముందో తెలియలేదు. రంగు మందు (కాంట్రాస్ట్) ఎక్కించి తీసే స్కానుకు ముందు మెట్‌ఫార్మిన్ ఆపాలా వద్దా అన్న నిర్ణయం దాని మీదే ఆధారపడి ఉంది. తల్లిదండ్రులను విదేశాలకు పిలిపించుకునేవారు మందుల అసలు పేర్లు, మోతాదులు ఒక కాగితం మీద రాయించి పాస్‌పోర్టుతో పాటు పెట్టాలి.

న్యాయవాది_హనుమకొండ
ప్రసాద్ గారి అనుభవానికి చట్టపరమైన కారణం ఒకటి ఉంది. మందు అసలు పేరును బ్రాండు పేరు కన్నా రెండు సైజులు పెద్ద అక్షరాల్లో ముద్రించాలని 2018లో నిబంధన తెచ్చారు. కానీ మూడు, అంతకంటే ఎక్కువ మందులున్న మిశ్రమాలకు మినహాయింపు ఇచ్చారు. ఎక్కడ చదవడం అన్నింటికన్నా ఎక్కువ అవసరమో అక్కడే అక్షరాలు చిన్నవిగా మిగిలిపోయాయి. ఆ మినహాయింపును తొలగించాలి.

రమ_కర్నూలు
ధర సంగతి ఎవరూ ఎత్తలేదు. మా నాన్నగారి మందులు విడివిడిగా జనరిక్ షాపులో కొంటే మిశ్రమ బ్రాండు కన్నా చవకగా వస్తున్నాయి.

వేణు_తెనాలి_మెడికల్స్
అది బ్రాండును బట్టి ఉంటుంది రమ గారూ. కొన్ని బీపీ మిశ్రమాలు విడి మందుల కన్నా చవక, కొన్ని ఖరీదు. మన దేశపు అత్యవసర మందుల జాబితాలో ఉన్న విడి మందుకు ప్రభుత్వం గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. దానికి జాబితాలో లేని మరో మందును జోడిస్తే ఆ గరిష్ఠ ధర నేరుగా వర్తించదు. కొన్ని మిశ్రమాలు పుట్టడానికి వైద్యం కన్నా ఇదే కారణమన్న విమర్శను నేను కాదనలేను. జన ఔషధి కేంద్రంలోనూ కొన్ని మిశ్రమాలు దొరుకుతాయి, ఒకసారి అడిగి చూడండి.

శ్రీధర్_కరీంనగర్
అమ్మతో మాట్లాడాను. భారతి గారి ఊహ నిజమైంది. మాటిమాటికీ మూత్రానికి లేవాల్సి వస్తోందని క్లోర్‌థాలిడోన్ మాత్రను ఆమె వారంలో చాలా రోజులు వేసుకునేది కాదట. మిశ్రమ మాత్రతో అది రోజూ ఒంట్లోకి వెళ్ళసాగింది. పరీక్ష చేయిస్తే సోడియం 129 వచ్చింది. 135 పైన ఉండాలట. వైద్యుడికి జరిగినదంతా చెప్పాం, ఆయన ఓపికగా విన్నారు. క్లోర్‌థాలిడోన్ తీసేసి, టెల్మిసార్టన్, ఆమ్లోడిపిన్ రెండే ఉన్న మిశ్రమ మాత్ర రాశారు. వారం తర్వాత మళ్ళీ సోడియం చూపించి, బీపీ ఎలా ఉందో చూశాక తర్వాతి మాట అన్నారు. షుగర్ మందులను మాత్రం మళ్ళీ విడదీయించాం, ఎందుకంటే అమ్మ శనివారాలు ఒంటిపూట భోజనం చేస్తుంది. మోకాళ్ళ నొప్పుల మాత్రల సంగతి కూడా అడిగాం. షాపులో కొని వేసుకోవద్దని, నొప్పికి తన దగ్గరకే రమ్మని చెప్పారు.

నర్స్_భారతి
చాలా మంచి పని చేశారు. ఆమె నిజం చెప్పినందుకు మెచ్చుకోండి, మళ్ళీ ఏ మాత్ర పడకపోయినా దాచకుండా చెబుతారు.

వేణు_తెనాలి_మెడికల్స్
శ్రీధర్ గారూ, ఇంకొక్క మాట. మూడు మందుల మాత్రా, రెండు మందుల మాత్రా ఒకే కంపెనీవైతే పేరులో చివరి ఒకటి రెండు అక్షరాలే తేడా ఉంటాయి, షీటు రంగు కూడా దగ్గరగా ఉంటుంది. ఇంట్లో మిగిలిన పాత షీట్లు, విడి క్లోర్‌థాలిడోన్ మాత్రలు ఈ రోజే డబ్బాలోంచి తీసేయండి. కత్తిరించని షీట్లను బిల్లుతో కొన్న షాపుకు తీసుకెళ్తే చాలామంది వెనక్కి తీసుకుంటారు. కొత్త షీటు మీద పెద్ద అక్షరాలతో బీపీ, పొద్దున అని పెన్నుతో రాసి అమ్మగారికి చూపించండి.